బూట్ అయ్యాక బిల్లింగ్ ఖాళీగా కనిపిస్తోందా? సిస్టమ్‌డీ ఆర్డరింగ్ సైకిల్‌ను విప్పే పద్ధతి

తమ్ముడూ, ముందు ఓనరు గారికి ఫోన్ చేసి లెక్కలు ఎక్కడికీ పోలేదని చెప్పు. పాతవన్నీ రెండో డిస్కులో పదిలంగా ఉన్నాయి. బూట్‌లో ఆ డిస్కు మౌంట్ కాలేదు (తన ఫోల్డర్‌కు తగులుకోలేదు), అంతే. ఎఫ్ఎస్‌సీకే (డిస్కులో తప్పులు దిద్దే కమాండ్) కొట్టమనీ, ఓఎస్ మళ్ళీ వెయ్యమనీ నీకు సలహా ఇచ్చిన వాళ్ళ మాట పక్కన పెట్టు. ఓఎస్ మళ్ళీ వేసినా నీ ఎఫ్ఎస్‌ట్యాబ్ (ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఫైలు) లైను, నీ యూనిట్ ఫైలు (బూట్‌లో సర్వీసులనూ మౌంట్లనూ లేపే సిస్టమ్‌డీ అనే ప్రోగ్రామ్‌కు రాసిచ్చే ఫైలు) అలాగే తెచ్చి పెడతావు కదా, మొదటి బూట్‌లోనే మళ్ళీ ఇదే గోల.

మిగతా వాళ్ళకు కూడా అర్థమవడానికి ప్రశ్న క్లుప్తంగా చెబుతాను. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో ఉబుంటు 22.04 మెషిన్ ఉంది. సిస్టమ్ ఒక ఎస్ఎస్‌డీ మీద, బిల్లుల డేటాబేస్ ఎన్‌క్రిప్ట్ చేసిన రెండో డిస్కు మీద. తాళం ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది. పెన్‌డ్రైవ్ చదివి డిస్కు తెరవడానికి ఈ తమ్ముడు 'తాళం.సర్వీస్' అని ఒక యూనిట్ రాసుకున్నాడు. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో రెండో డిస్కు లైన్లో 'ఎక్స్-సిస్టమ్‌డీ.రిక్వయర్స్=తాళం.సర్వీస్' అని పెట్టాడు. మౌంట్ అయ్యే చోటు '/ఎస్ఆర్‌వీ/బిల్లులు'. కరెంటు పోయి వచ్చాక మెషిన్ లేచింది, లాగిన్ వచ్చింది, బిల్లింగ్ తెరిస్తే ఒక్క బిల్లూ లేదు. చేత్తో తాళం సర్వీస్ స్టార్ట్ చేసి మౌంట్ చేస్తే అన్నీ ఉన్నాయి. బూట్ సమయంలో తెర మీద ఎర్రగా 'స్కిప్' అనీ, పక్కన 'ఆర్డరింగ్ సైకిల్ ఫౌండ్, స్కిప్పింగ్ లోకల్ ఫైల్ సిస్టమ్స్' అనీ ఒక లైను మెరిసి పోయింది. ఇతను అడిగింది: లోకల్ ఫైల్ సిస్టమ్స్ అనేదాన్ని ఎలా బాగు చెయ్యాలి?

దానికి రోగమేమీ లేదు. అది బలైంది. ఆర్డరింగ్ సైకిల్ (యూనిట్లు ఒకదాని కోసం ఒకటి ఆగి పడే చక్రం) కేసుల్లో చాలామంది పొరపడేది ఇక్కడే. సిస్టమ్‌డీ ఏ యూనిట్‌ను వదిలేసిందో దాని పేరు ఎర్రగా కనిపిస్తుంది కాబట్టి దాని వెంట పడతారు. అసలు ముడి ఎక్కడో వేరే లైన్లో ఉంటుంది. తొంభై పాళ్ళు అది మనం ఈమధ్య మన చేత్తో కలిపిన లైనే అయి ఉంటుంది.

సిస్టమ్‌డీలో యూనిట్ల మధ్య రెండు రకాల బంధాలుంటాయి. 'రిక్వయర్స్', 'వాంట్స్' అనేవి అవసరం గురించి: ఇది లేవాలంటే అదీ లేవాలి. 'ఆఫ్టర్', 'బిఫోర్' అనేవి వరుస గురించి: రెండూ లేస్తుంటే ఏది ముందు, ఏది వెనుక. ఈ రెండింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. రెండు సర్వీసులు ఒకదానికొకటి రిక్వయర్స్ అని రాసుకున్నా సిస్టమ్‌డీకి ఇబ్బంది లేదు, రెండింటినీ ఒకేసారి లేపుతుంది. చిక్కంతా వరుసతోనే. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు అన్నట్టు, నువ్వయ్యాక నేను, నేనయ్యాక నువ్వు అని రెండు యూనిట్లు కూర్చుంటే రెండూ లేవవు. ఆ రెంటి మధ్య ఇంకో నాలుగు యూనిట్లు దూరి ఉంటే చక్రం కంటికి కనిపించదు, అంతే తేడా.

నీ చక్రం ఇలా తిరుగుతోంది. మౌంట్ యూనిట్ తాళం.సర్వీస్ అయ్యాక రావాలి. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో నువ్వు రాసిన రిక్వయర్స్ ఆప్షన్ పేరుకే రిక్వయర్స్, అది ఆఫ్టర్‌ను కూడా వెంట తెస్తుంది. ఇక ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఉన్న మామూలు లోకల్ మౌంట్ ఏదైనా 'లోకల్-ఎఫ్ఎస్.టార్గెట్' కంటే ముందు పూర్తవ్వాలి, ఆ ముడి సిస్టమ్‌డీయే పెడుతుంది. టార్గెట్ అంటే బూట్‌లో ఒక మజిలీ, తెర మీద మెరిసిన 'లోకల్ ఫైల్ సిస్టమ్స్' ఇదే. లోకల్-ఎఫ్ఎస్ అయ్యాకే 'సిస్ఇనిట్.టార్గెట్'. ఇక సిస్ఇనిట్ అయ్యాకే తాళం.సర్వీస్. ఈ చివరిది నువ్వెక్కడా రాయలేదు. యూనిట్ ఫైల్లో 'డిఫాల్ట్‌డిపెండెన్సీస్=నో' అని లేకపోతే ప్రతి మామూలు సర్వీసుకూ సిస్ఇనిట్, బేసిక్ టార్గెట్ల తర్వాత అన్న ముడి దానంతటదే పడుతుంది. నాలుగు ముడుల్లో ఒకటి నువ్వు తెలిసి వేసింది, ఒకటి తెలియకుండా పడింది, మిగతా రెండూ అందరి మెషిన్లలోనూ ఉండేవే.

నమ్మకం కుదరకపోతే సిస్టమ్‌డీతో మాట్లాడే సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌తో నీ మెషిన్లోనే చూసుకో. 'సిస్టమ్‌సీటీఎల్ క్యాట్ ఎస్ఆర్‌వీ-బిల్లులు.మౌంట్' అని కొట్టు. ఇది సిస్టమ్‌డీ ఎఫ్ఎస్‌ట్యాబ్ చదివి పుట్టించిన యూనిట్ అని పై లైన్లలోనే ఉంటుంది. కింద ఆఫ్టర్, బిఫోర్ కనిపిస్తాయి. తర్వాత 'సిస్టమ్‌సీటీఎల్ షో -పీ ఆఫ్టర్ తాళం.సర్వీస్'. నువ్వు రాయని పేర్లు అక్కడ అరడజను దాకా ఉంటాయి. క్యాట్ అంటే ఫైల్లో ఉన్నది, షో అంటే సిస్టమ్‌డీ మనసులో ఉన్నది. సైకిల్ వెతికేటప్పుడు రెండోదే కావాలి.

మరి చేత్తో స్టార్ట్ చేస్తే ఎందుకు నడుస్తోంది? బూట్‌లో సిస్టమ్‌డీ డిఫాల్ట్ టార్గెట్‌కు కావలసినవన్నీ ఒకే మూటగా కట్టి వరుస వేస్తుంది. ఆ మూటలో ఉన్న పనుల మధ్యనే సైకిల్ లెక్కలోకి వస్తుంది. నువ్వు లాగిన్ అయ్యేసరికి సిస్ఇనిట్ ఎప్పుడో అయిపోయింది, అది మూటలో లేదు, కాబట్టి చక్రం లేదు. అందుకే కొత్త సర్వీసు రాసినప్పుడు 'స్టార్ట్' కొట్టి చూసి బాగుంది అనుకోవడం ఏ పరీక్షా కాదు, రీబూట్ చేసి చూడాల్సిందే. నీ మెషిన్ యూపీఎస్ మీద నెలల తరబడి ఆగకుండా నడిచి ఉంటుంది, ఈ లైను పెట్టాక మొదటి బూట్ కరెంటు పోయిన రోజే అయి ఉంటుంది. ఉద్దానం వైపు గాలివాన వస్తే కరెంటు సంగతి నీకు నేను చెప్పాలా, 2018 అక్టోబర్ 11న తిత్లీ మీ పలాస దగ్గరే కదా తీరం దాటింది. అలాంటి చోట సర్వరు చేతి సాయం లేకుండా లేవగలగాలి.

చక్రం కనబడగానే సిస్టమ్‌డీ బూట్ ఆపెయ్యదు. ఆ గొలుసులో ఏ పనిని తీసేస్తే అసలు లక్ష్యానికి నష్టం లేదో చూసి దాన్ని వదిలేస్తుంది. వాంట్స్‌తో వచ్చినవి పోవచ్చు, ఆఖరి టార్గెట్ దాకా రిక్వయర్స్‌తోనే అల్లుకున్నవి పోవు. సిస్ఇనిట్‌కు లోకల్-ఎఫ్ఎస్‌తో ఉన్నది వాంట్స్ బంధమే, అందుకే నీకు లోకల్-ఎఫ్ఎస్ మీద వేటు పడింది. ఆ టార్గెట్ పోతే దాని కోసమే మూటలోకి వచ్చిన మౌంట్లు కూడా పోతాయి. హోమ్ వేరే పార్టిషన్ అయితే ఆ రోజు అదీ రాకపోవచ్చు. ఇంకో బూట్‌లో వేటు తాళం.సర్వీస్ మీద పడవచ్చు, అప్పుడు దాన్ని నమ్ముకున్న మౌంట్ వెంటే పోతుంది. ఏదైనా కొత్త ప్యాకేజీ ఎక్కితే బలయ్యేది మారిపోవచ్చు కూడా. ఈరోజు నెట్‌వర్క్ రాలేదు, నిన్న ఇంకేదో రాలేదు అని ఎవరైనా అంటే నేను ముందు జర్నల్‌లో (సిస్టమ్‌డీ రాసే లాగ్‌లో) సైకిల్ అన్న మాట కోసమే చూస్తాను. గొలుసులో వదిలెయ్యదగ్గది ఒక్కటీ లేకపోతే మాత్రం మొత్తం మూటే రద్దయిపోతుంది.

చూడడం తేలిక. 'జర్నల్‌సీటీఎల్ -బీ' అవుట్‌పుట్‌ను 'గ్రెప్ -ఐ సైకిల్'కు పంపు. పోయిన బూట్ కావాలంటే '-బీ -1'. మొదట 'ఫౌండ్ ఆర్డరింగ్ సైకిల్ ఆన్' అని ఒక పేరు వస్తుంది. దాని చుట్టుపక్కల లైన్లు కూడా చదువు: 'ఫౌండ్ డిపెండెన్సీ ఆన్' అంటూ ఒక్కో పేరూ వచ్చి, బయలుదేరిన పేరు దగ్గరే ఆగుతుంది. ఆఖరున 'డిలీటెడ్ టు బ్రేక్ ఆర్డరింగ్ సైకిల్' అని బలైన వాడి పేరు. ఈ పేర్లను కాగితం మీద గుండ్రంగా రాసుకో. పక్కపక్కన ఉన్న ప్రతి రెండింటి మధ్యా ఒక ముడి ఉంటుంది. ఆ ముడి ఎవరు వేశారు అని ఒక్కొక్కటీ అడుగుతూ పో. ఉబుంటు తనతో తెచ్చినవి కొట్టెయ్, మిగిలేది నీదీ, లేదా నువ్వు బయటి నుంచి దించిన సాఫ్ట్‌వేర్‌దీ.

బాగు చేసే ముందు ఇంకో పని. సైకిల్ కంటే దీని గురించే నాకు ఎక్కువ బెంగ. డిస్కు మౌంట్ కాని రోజున మీ బిల్లింగ్ ఖాళీగా తెరుచుకుంది అంటే అర్థమేంటి? ఆ ప్రోగ్రామ్ తన ఫోల్డర్‌లో డేటాబేస్ లేదని చూసి, కొత్తది సృష్టించుకుని కూర్చుంది. ఎక్కడ? మౌంట్ కాని ఉత్త ఫోల్డర్‌లో, ఎస్ఎస్‌డీ మీద. ఆ పూట కౌంటర్లో వేసిన బిల్లులన్నీ అందులోకి వెళ్ళాయి. తర్వాత నువ్వు చేత్తో డిస్కు మౌంట్ చేసేసరికి పాతవి వచ్చాయి, ఆ పూట బిల్లులు దాని అడుగున పడి కనబడకుండా పోయాయి. రేపు ఎవరైనా 'ఏటి బాబూ, మంగళవారం బిల్లులేటైపోనాయి' అని అడిగితే నీ దగ్గర జవాబు ఉండాలి.

వాటిని బయటికి తీయాలంటే బిల్లింగ్ ఆపి, 'మౌంట్ --బైండ్ / /ఎమ్ఎన్‌టీ' కొట్టు. ఇప్పుడు '/ఎమ్ఎన్‌టీ/ఎస్ఆర్‌వీ/బిల్లులు'లోకి వెళితే డిస్కు అడుగున ఉన్న అసలు ఫోల్డర్ కనిపిస్తుంది. అక్కడున్న డేటాబేస్ ఫైలు వేరే చోటికి కాపీ చేసి పెట్టుకో, ఆ బిల్లులు అసలు దాంట్లోకి ఎక్కించే సంగతి మీ అకౌంటెంట్‌తో కలిసి చూడు. రెండు డేటాబేస్‌లను నువ్వే తెలివిగా కలిపేద్దామని మాత్రం కూర్చోకు, బిల్లు నంబర్లు రెండు చోట్లా ఒకటే పడి ఉంటాయి. కాపీ అయ్యాక బైండ్ తీసెయ్, రెండో డిస్కునూ అన్‌మౌంట్ చెయ్, కింది ఫోల్డర్ ఖాళీ చెయ్, దాని మీద 'సీహెచ్ఏటీటీఆర్ +ఐ' కొట్టు. ఇక ఉత్త ఫోల్డర్‌లో రూట్ (అన్ని అధికారాలున్న యూజరు) కూడా ఫైలు సృష్టించలేడు, పైన మౌంట్ మాత్రం మామూలుగానే అవుతుంది. డేటా ఫోల్డర్లన్నిటికీ నేనిది అలవాటుగా చేస్తాను.

ఇప్పుడు సైకిల్. నీ విషయంలో ఎఫ్ఎస్‌ట్యాబ్ లైన్లో 'నోఫెయిల్' అన్న ఒక్క మాట చాలు. నోఫెయిల్ అంటే డిస్కు లేకపోయినా బూట్ ఆగదు అని మాత్రమే అందరికీ తెలుసు. దానితో పాటు ఆ మౌంట్ లోకల్-ఎఫ్ఎస్ కంటే ముందు అవ్వాలన్న ముడిని కూడా సిస్టమ్‌డీ తీసేస్తుంది. చక్రం అక్కడ తెగిపోతుంది. బిల్లుల డిస్కు ఓఎస్ లేవడానికి అవసరం లేదు కదా, దాన్ని ఆ వరుసలో నిలబెట్టడమే అనవసరం.

కానీ నోఫెయిల్ ఒక్కటే పెట్టి వదిలేస్తే బిల్లింగ్ సర్వీసు మౌంట్ కంటే ముందే లేచి మళ్ళీ ఖాళీ డేటాబేస్ కథ మొదలవుతుంది. అందుకే 'సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్' తో బిల్లింగ్ యూనిట్ తెరిచి, యూనిట్ సెక్షన్ కింద 'రిక్వయర్స్‌మౌంట్స్‌ఫర్=/ఎస్ఆర్‌వీ/బిల్లులు' అని రాయి. ఆ దారిలోని మౌంట్ అవసరమనీ, అది అయ్యాకే లేవాలనీ ఈ ఒక్క లైనే చెబుతుంది. ఇక పెన్‌డ్రైవ్ గుచ్చడం మర్చిపోతే మౌంట్ విఫలమవుతుంది, బిల్లింగ్ 'డిపెండెన్సీ ఫెయిల్డ్' అని లేవదు. కౌంటర్లో అరుస్తారు, అరవనీ. ఖాళీ పుస్తకంలో రోజంతా బిల్లులు రాయడం కంటే అది నయం.

నెట్‌వర్క్ మీద ఆధారపడే డిస్కయితే, అంటే ఐస్కసీ లాంటిదయితే, నోఫెయిల్ బదులు '_నెట్‌డెవ్' సరైనది. మౌంట్ లోకల్-ఎఫ్ఎస్ వరుస వదిలి రిమోట్-ఎఫ్ఎస్ వరుసలోకి పోతుంది. 'ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్' (ఫోల్డర్ తెరిచినప్పుడే మౌంట్ చేసేది) కూడా కొందరు చెబుతారు, బాగానే ఉంటుంది. కాకపోతే ఆటోమౌంట్ యూనిట్‌లోనే ఆఫ్టర్=నెట్‌వర్క్-ఆన్‌లైన్ లాంటివి రాయకూడదు, రాస్తే సైకిల్ పడవచ్చని దాని మాన్యువల్ పేజీలోనే హెచ్చరిక ఉంది. ఇంకొందరు తాళం.సర్వీస్‌లో డిఫాల్ట్‌డిపెండెన్సీస్=నో పెట్టమంటారు. అదీ చక్రాన్ని తెంపుతుంది. కానీ అప్పుడు నీ స్క్రిప్టు బూట్ మరీ మొదట్లో, చుట్టూ ఇంకా ఏమీ సిద్ధంగా లేనప్పుడు నడుస్తుంది, షట్‌డౌన్ ముడులు కూడా నువ్వే రాసుకోవాలి. తెలిసి చేసేవాళ్ళకు సరే, నీకు నేను చెప్పను.

నిజానికి నీ స్క్రిప్టే అక్కర్లేదు. తాళం ఫైలు ఏ పెన్‌డ్రైవ్‌లో ఏ దారిలో ఉందో క్రిప్ట్‌ట్యాబ్‌లోనే (ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కుల వివరాలు రాసే ఫైల్లోనే) రాసే వీలు ఉబుంటు 22.04లోని సిస్టమ్‌డీకి ఉంది. తీరికున్నప్పుడు అటు మారు. పెన్‌డ్రైవ్‌ను ఎప్పుడూ మెషిన్‌కే గుచ్చి ఉంచితే దొంగ రెండూ కలిపే పట్టుకుపోతాడు, మరి ఎన్‌క్రిప్షన్ దేనికి? అది వేరే చర్చలే.

యూనిట్లు మార్చేటప్పుడు మంచి అనుభవం ఉన్నవాళ్ళూ చిక్కుకునే చోటు ఒకటుంది. 'సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్' పుట్టించే చిన్న ఓవర్‌రైడ్ ఫైల్లో 'ఆఫ్టర్=' అని ఖాళీగా రాస్తే పాత ఆఫ్టర్ చెరిగిపోతుందనుకుంటారు. ఎగ్జెక్‌స్టార్ట్ (ఏ కమాండ్ నడపాలో చెప్పే లైను) అలా చెరుగుతుంది, ఆఫ్టర్ చెరగదు. డిపెండెన్సీలను ఓవర్‌రైడ్‌లో కలపవచ్చు గానీ తీసెయ్యలేం. తీసెయ్యాలంటే 'ఎడిట్ --ఫుల్' తో మొత్తం యూనిట్ కాపీని ఈటీసీ ఫోల్డర్‌లోకి తెచ్చుకుని అక్కడ ఆ లైను తీసెయ్యాలి. ఆ తర్వాత ప్యాకేజీ అప్‌డేట్‌లో అసలు యూనిట్ మారినా నీ కాపీయే నడుస్తుంది, కాబట్టి అప్పుడప్పుడు 'సిస్టమ్‌డీ-డెల్టా' కొట్టి ఏవేవి కప్పేసి ఉంచావో చూసుకో.

మార్పులయ్యాక యూనిట్లు మళ్ళీ చదివించే 'సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్', ఆపైన 'సిస్టమ్‌డీ-ఎనలైజ్ వెరిఫై డిఫాల్ట్.టార్గెట్'. రీబూట్ చెయ్యకుండానే ఇది బూట్ మూట కట్టి చూసి సైకిల్ ఉంటే చెబుతుంది. నీలా ఎఫ్ఎస్‌ట్యాబ్ నుంచి పుట్టే యూనిట్లు కూడా లెక్కలోకి రావాలంటే సుడోతో, '--జనరేటర్స్=యెస్' కలిపి నడుపు. ఏమీ అనకపోతే ఆఫీసు మూసే వేళ ఒకసారి రీబూట్ చెయ్, కౌంటర్ మీద జనం ఉండగా వద్దు.

ఇంకో రకం సైకిల్ తరచూ కనిపిస్తుంది. విజయనగరంలో ఒక క్లినిక్‌లో టోకెన్ నంబర్లు చూపే టీవీకి చిన్న మెషిన్ ఉండేది. డెస్క్‌టాప్ వచ్చాకే ప్రోగ్రామ్ లేవాలని యూనిట్‌లో 'ఆఫ్టర్=గ్రాఫికల్.టార్గెట్' రాశారు. కింద ఇన్‌స్టాల్ సెక్షన్లో ఎక్కడో చూసి 'వాంటెడ్‌బై=మల్టీ-యూజర్.టార్గెట్' అని దించారు. టార్గెట్ తాను కోరుకున్న యూనిట్లన్నీ అయ్యాకే తాను అయినట్టు లెక్క, ఆ యూనిట్‌లోనే ఆ టార్గెట్ తర్వాత అని రాసి ఉంటే తప్ప. అంటే మల్టీ-యూజర్ ఆ ప్రోగ్రామ్ కోసం ఆగుతుంది, గ్రాఫికల్ మల్టీ-యూజర్ కోసం ఆగుతుంది, ప్రోగ్రామ్ గ్రాఫికల్ కోసం. వాంటెడ్‌బైని గ్రాఫికల్‌కు మార్చి, డిసేబుల్ చేసి మళ్ళీ ఎనేబుల్ చేస్తే సరిపోయింది. ఆ డిసేబుల్-ఎనేబుల్ మర్చిపోతే పాత లింకు మల్టీ-యూజర్ కిందే ఉండిపోతుంది, ఫైలు మార్చినా ఏ తేడా ఉండదు.

సైకిల్‌లా కనిపించి సైకిల్ కానివి కూడా ఉన్నాయి. 'ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్' అని ఒకటిన్నర నిమిషం అంకెలు నడిస్తే అది సాధారణంగా లేని డిస్కు కోసం ఎదురుచూపు, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో యూయూఐడీ (డిస్కు గుర్తింపు సంఖ్య) చూసుకో. ఇంకోటి కాస్త దొంగది: ఒక సర్వీసు తన స్క్రిప్టు లోపల 'సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్' తో ఇంకో సర్వీసును లేపుతుంది, ఆ రెండోది మొదటిది అయ్యాకే లేవాలని రాసి ఉంటుంది. మొదటిది స్క్రిప్టులో ఇరుక్కుని ఉంటుంది, రెండోది మొదటిది ముగిసే దాకా కదలదు. స్క్రిప్టు లోపల ఏముందో సిస్టమ్‌డీకి తెలియదు కాబట్టి సైకిల్ అని ఎక్కడా రాదు. 'సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-జాబ్స్' కొడితే ఒకటి రన్నింగ్, ఒకటి వెయిటింగ్ అని కనిపిస్తాయి. '--నో-బ్లాక్' కలిపితే విడిపోతుంది.

నీకు లాగిన్ వస్తోంది కాబట్టి అదృష్టమే. అసలు లేవని మెషిన్ అయితే గ్రబ్ (ఓఎస్ కంటే ముందు వచ్చే బూట్ ప్రోగ్రామ్) మెనూలో కీబోర్డు మీద 'ఈ' నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే లైను చివర 'సిస్టమ్‌డీ.మాస్క్=' అని అనుమానమున్న యూనిట్ పేరు కలిపి కంట్రోల్-ఎక్స్ నొక్కాలి. ఆ ఒక్క బూట్‌కు ఆ యూనిట్ లేనట్టే. ఏది అనుమానించాలో తెలియకపోతే అదే చోట 'సిస్టమ్‌డీ.యూనిట్=ఎమర్జెన్సీ.టార్గెట్' పెట్టు, రూట్ షెల్ దొరుకుతుంది. మార్చేముందు 'మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /' అవసరం పడవచ్చు. గ్రబ్ కనబడకపోతే మెషిన్ లేస్తుండగా ఎస్కేప్ తడుతూ ఉండు, పాత బయోస్ అయితే షిఫ్ట్ పట్టుకో.

నీ ప్రశ్నలో తాళం యూనిట్ పెట్టావు గానీ బిల్లింగ్ యూనిట్ పెట్టలేదు. 'సిస్టమ్‌సీటీఎల్ క్యాట్' తో దాన్నీ తీసి ఇక్కడ పెట్టు. అందులో ఇన్‌స్టాల్ చేసినవాళ్ళు 'బిఫోర్=సిస్ఇనిట్.టార్గెట్' లాంటిదేమైనా రాసి ఉంటే, నువ్వు రిక్వయర్స్‌మౌంట్స్‌ఫర్ కలపగానే కొత్త చక్రం పడుతుంది. అది చూశాక చెబుతాను. పాస్‌వర్డ్‌లు ఎన్విరాన్‌మెంట్ లైన్లలో ఉంటే తుడిచి పెట్టు.